పిల్లలకు ఏ సాము నేర్పిద్దాము?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి బరంపురం నుంచి ఒక తల్లి వ్రాసినది. పెద్దమ్మాయి ఇంటరు ముగించి పై చదువుకు బెంగుళూరు వెళ్ళబోతున్నది. చిన్నవాడికి పదేళ్ళు. బడిలో తోటి పిల్లలు తోసి పడేస్తున్నారట. కరాటే నేర్పించమని రోజూ ప్రాణం తీస్తున్నాడట. “మా వీధి చివరనే ఒక కరాటే బడి ఉన్నది. మా వారు కుస్తీ అంటారు. మా తమ్ముడు బాక్సింగు అంటాడు. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకే, చీకటి పడకముందు ఇల్లు చేరితే చాలదా అని మా అత్తగారు అంటారు. మీరే ఏదో ఒకటి తేల్చి చెప్పండి” అని ఆమె కోరిక.

ఇంట్లో నలుగురు ఉంటే నాలుగు అభిప్రాయాలు ఉండడం సహజమే. విచిత్రమేమంటే ఈ నలుగురి మాటల్లోనూ కొంత నిజం ఉన్నది. ఈ విషయంలో మేము చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవారము కనుక, మా అనుభవం ముందు చెప్పి, తరువాత సలహా చెబుతాము.

మా తమ్ముడి కొడుకును ఎనిమిదో యేట ఇటువంటి బడిలోనే చేర్పించాము. చేర్పించమని పట్టుబట్టినది మేమే. నెల నెలా జీతం కట్టాము. ఆరు నెలలకొక పరీక్ష, పరీక్షకొక రుసుము, రుసుముకొక రంగు బెల్టు. అయిదేళ్ళకు నల్లబెల్టు వచ్చింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేశారు. వచ్చిన చుట్టాలందరి ముందు వాడి చేత చెక్కపలక పగలగొట్టించి మురిసిపోయాము. ఈ అయిదేళ్ళలో ఒక్క సాయంత్రమైనా ఆ బడికి వెళ్ళి, అక్కడ అసలేమి నేర్పుతున్నారో కూర్చుని చూసిన పాపాన పోలేదు.

వాడికి పదిహేడేళ్ళప్పుడు రైలు స్టేషను వెనుక సందులో ఇద్దరు మనుష్యులు వాడి సంచి పట్టి లాగారు. వాడు నేర్చుకున్నట్లే కాళ్ళు ఎడంగా పెట్టి పిడికిళ్ళు బిగించి నిలబడ్డాడు. వాళ్ళలో ఒకడు ఆ పిడికిళ్ళను లెక్క చేయకుండా మీదకు వచ్చి, చొక్కా కాలరు పట్టుకుని వెనక్కు తోశాడు. వీడు వెల్లకిలా పడ్డాడు. పడేటప్పుడు చేయి ఆనించాడు, మణికట్టు విరిగింది. సంచి పోయింది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వచ్చాక వాడు ఒకే మాట అన్నాడు: “పెదనాన్నా, వాడు నా చొక్కా పట్టుకోగానే నాకేమీ గుర్తు రాలేదు. అయిదేళ్ళలో ఒక్కరోజైనా నన్నెవరూ అట్లా పట్టుకోలేదు.”

ఆ మాట మాకు ఇప్పటికీ ములుకులా గుచ్చుకుంటూనే ఉన్నది. ఆ బడి మీద మాకు కోపం లేదు. వాళ్ళు గాలిలో గుద్దులు నేర్పుతామన్నారు, గాలిలో గుద్దులు నేర్పారు. అది పోట్లాటకు సరిపోతుందని అనుకున్నది మేము.

పిల్లవాడి మాటలోనే అసలు కీలకం ఉన్నది. ఏ విద్య గొప్పది అని అడగడం కంటె, ఆ విద్యను ఎట్లా సాధన చేయిస్తున్నారు అని అడగడం మేలు. ఇది మా సొంత తెలివి కాదు. జపానులో జూడో విద్యను స్థాపించిన జిగోరో కానో నూట నలభై ఏళ్ళ క్రితమే ఈ సంగతి కనిపెట్టాడు.

కానో 1860లో పుట్టాడు. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. బడిలో బలమైన పిల్లలు ఏడిపిస్తుంటే, వాళ్ళను ఎదుర్కోవాలని జుజుత్సు అనే పాత విద్య నేర్చుకున్నాడు. మన బరంపురం చిన్నవాడి కథ వంటిదే. 1882లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, టోకియోలో ఒక బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరచిన గదిలో తన సొంత బడి పెట్టాడు. పాత విద్యలో కన్ను పొడవడం, కీలు విరవడం వంటి భయంకరమైన దెబ్బలు ఎన్నో ఉండేవి. అవి తోటి విద్యార్థి మీద నిజంగా ప్రయోగించలేరు గదా. అందుచేత నాటకంలో వలె అభినయించవలసిందే. కానో అటువంటివాటిని రోజువారీ పోటీ సాధనలోనుంచి తీసివేసి, పట్టుకోవడం, పడగొట్టడం, నేలమీద అదిమి పట్టడం వంటివి ఉంచాడు. ఇక విద్యార్థులు ఒకరినొకరు పూర్తి బలంతో, ఎదుటివాడు ఒప్పుకోకుండా పెనుగులాడుతుండగా, రోజూ సాధన చేయగలిగారు.

ఫలితం ఏమిటంటే, ప్రమాదం లేని పది పట్లు వెయ్యిసార్లు నిజంగా వేసినవాడు, ప్రాణాంతకమైన వంద దెబ్బలు గాలిలో వేసినవాడి కంటె గట్టివాడయ్యాడు. చెరువు గట్టున నిలబడి చేతులు ఆడించినవాడికి ఈత రాదు. నీళ్ళలో దిగి నాలుగు గుక్కలు మింగినవాడికి వస్తుంది. మన గోదాలలో వస్తాదులు కుర్రవాళ్ళ చేత రోజూ జోడీ పట్టించేది ఇందుకే. కుస్తీ, జూడో, బాక్సింగు, థాయి దేశపు ముయె థాయి, రష్యావారి సాంబో – ఇవన్నీ ఎదుటివాడు ఎదిరిస్తుండగా నేర్చుకునే విద్యలు. వీటి బలమంతా అందులోనే ఉన్నది.

కానో శిష్యులలో మయేదా అనే ఆయన 1914లో బ్రెజిలు చేరి, అక్కడ గ్రేసీ కుటుంబంవారికి ఈ విద్య నేర్పాడు. వాళ్ళు నేలమీద పెనుగులాటనే ముఖ్యంగా పెంచి తమ పద్ధతిగా చేసుకున్నారు. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వరు నగరంలో, ఏ విద్యవాడైనా రావచ్చు, నియమాలు దాదాపు లేవు అంటూ ఒక పోటీ పెట్టారు. ఎనభై కిలోల బరువున్న రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. వారిలో ఒకడు బాక్సరు, ఒకడు కుస్తీ తెలిసినవాడు, ఒకడు కాలితో తన్నడంలో పేరుపొందినవాడు. పిడికిలి, కాలు తప్ప ఎరుగనివాడు నేలమీద పడ్డాక ఎంత నిస్సహాయుడో లోకం చూసింది. తరువాతి కాలంలో కుస్తీ తెలిసినవారు గుద్దడం నేర్చుకున్నారు, గుద్దడం తెలిసినవారు పట్టు విడిపించుకోవడం నేర్చుకున్నారు. ఈనాడు ఆ పోటీలలో నిలబడేవారందరికీ రెండూ తెలుసు.

కాబట్టి బరంపురం వారి ఇంట్లో కుస్తీ అన్న తండ్రిగారూ, బాక్సింగు అన్న మేనమామగారూ ఇద్దరూ సరైన దారిలోనే ఉన్నారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది.

బరి వేరు, బజారు వేరు. బరిలో ఒకడికి ఒకడే. బరువుకు బరువు సరిచూస్తారు. కింద మెత్తని పరుపు ఉంటుంది. మధ్యవర్తి ఉంటాడు. బజారులో కింద సిమెంటు, రాళ్ళు. మీద పడేవాడికి ఇద్దరు స్నేహితులు. జేబులో ఏమున్నదో తెలియదు. బరిలో నేలమీద అదిమి పట్టడం గెలుపు. సందులో అదే పని చేస్తే రెండోవాడు వచ్చి తల మీద తంతాడు. కనుక నేలమీద పట్టు తెలియాలి, కాని అక్కడ ఉండిపోవడానికి కాదు, లేచి బయటపడడానికి.

బరువు సంగతి మరొకటి. పంజాబు మల్లుడు గామా పేరు విననివారు అరుదు. 1910 సెప్టెంబరులో లండనులో జిబిస్కో అనే పోలండు మల్లుడితో తలపడినప్పుడు, ఆ బరువైన మనిషి నేలకు కరుచుకుని పడుకుంటే, రెండున్నర గంటలు పెనుగులాడినా గామా అంతటివాడు వెల్లకిలా తిప్పలేకపోయాడు. పద్ధెనిమిదేళ్ళ తరువాత, 1928లో పటియాలాలో, అదే మనిషిని నిమిషం లోపల చిత్తు చేశాడు. జగజ్జెట్టికే బరువైన మనిషితో ఒకనాడు అంత కష్టమైతే, మన యాభై కిలోల అమ్మాయి మూడు నెలల శిక్షణతో ఎనభై కిలోల మగవాడిని కట్టిపడేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవచ్చునా? ఒలింపిక్ జూడోలో మగవారికి ఏడు, ఆడవారికి ఏడు బరువు తరగతులు పెట్టినది ఊరికే కాదు. నేర్పు కొంత బరువును జయిస్తుంది; అంతా జయించదు. ఆ అమ్మాయికి కావలసినది ఎదుటివాడిని ఓడించడం కాదు. రెండు క్షణాలు పట్టు వదిలించుకుని, అరిచి, పరుగెత్తడం.

ఇక ఒక్కొక్క విద్య సంగతి క్లుప్తంగా చెప్పుకుందాము.

జూడో, కుస్తీ: పట్టుకున్నవాడితో ఏమి చేయాలో ఇవి నేర్పినట్లు మరేవీ నేర్పవు. జూడోలో మొదటి రోజు నుంచి పడడం నేర్పుతారు: గడ్డం రొమ్ముకు ఆనించి, చేయి నేలకు చాచి కొట్టి, తల తగలకుండా దొర్లడం. మా పిల్లవాడికి ఆ ఒక్కటి తెలిసి ఉంటే మణికట్టు విరిగేది కాదేమో. ఆలోచించి చూడండి, జీవితంలో మనమీద దొంగలు పడేది అరుదు. మనమే పడేది మాత్రం తరచు. స్నానాల గదిలో, మెట్లమీద, స్కూటరుమీద నుంచి. పడడం నేర్చిన విద్య అరవయ్యో యేట కూడా అక్కరకు వస్తుంది.

బాక్సింగు: దూరం కనిపెట్టడం, అడుగు కదపడం, దెబ్బ తగిలినా బెదరకపోవడం దీనిలో అలవడతాయి. 1867లో ఇంగ్లండులో ప్రకటించిన నియమాలతో చేతి తొడుగులు స్థిరపడ్డాయి. తొడుగు లేని పిడికిలితో తలమీద గుద్దితే, చిటికెన వేలి వెనుక ఎముక విరగడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. అందుకే చాలామంది గురువులు అరచేతి మడమతో కొట్టమంటారు. తలమీద పదేపదే దెబ్బలు తగలడం మెదడుకు చేటు. చిన్నపిల్లలకు అడుగులు, సంచి గుద్దడం వరకు నేర్పించి, తలమీద దెబ్బలు వద్దనడమే మా మాట.

కరాటే: ఓకినావా దీవి విద్య. ఫునాకోషి అనే ఉపాధ్యాయుడు 1922లో టోకియోలో ప్రదర్శించిన తరువాత జపాను అంతటా వ్యాపించింది. దీనిని తీసిపారవేయడం అన్యాయం. కరాటే బడులలో రెండు రకాలున్నాయి. కొన్నింటిలో దెబ్బ తగలకుండా ఆపివేస్తారు, లేదా వరుసగా ఆకృతులు వేయిస్తారు. కొన్నింటిలో ఒంటిమీద నిజంగానే తగిలేలా ఆడిస్తారు. ఈ రెండో రకంలో నేర్చినవాడు గట్టివాడే. కొరియావారి తైక్వాండో 2000లో ఒలింపిక్ పదకపు క్రీడ అయింది. కాళ్ళ నేర్పు అద్భుతం గాని, ఆ క్రీడానియమాలలో చేతులకు పని తక్కువ, పట్లకు చోటు లేదు.

క్రావ్ మగా: ఈ పేరు ఇప్పుడు మన పట్టణాలలో కూడా వినబడుతున్నది. ఇమీ లిఖ్తెన్‌ఫెల్డ్ అనే కుస్తీ, బాక్సింగు తెలిసిన మనిషి, 1930 ప్రాంతాలలో బ్రటిస్లావా నగరంలో యూదుల పేటమీద పడిన మూకలను ఎదుర్కొని, తరువాత ఇజ్రాయేలు సైన్యానికి నేర్పిన పద్ధతి ఇది. ఆయనకు వెనుక కుస్తీ, బాక్సింగు ఉన్నాయన్నది మరువరాదు. ఆ పునాది లేకుండా వారాంతపు శిక్షణలో ముప్ఫై ఉపాయాలు చూపించి పంపితే, అవి ఇంటికి చేరేలోపలే మరుపున పడతాయి.

మన విద్యలు: మైసూరు గరిడీ మనెలు, కొల్హాపురం తాలీములు, ఒడిశా పాయికుల అఖాడాలు, తమిళనాట సిలంబం, మన కర్రసాము – మనం ఏ ఊళ్ళో స్థిరపడినా పక్క వీధిలోనే ఏదో ఒకటి ఉన్నది. మైసూరులో దసరానాడు జరిగే వజ్రముష్టి పోటీ తలమీద మొదటి నెత్తుటి బొట్టు కనబడగానే ఆగిపోతుంది. కొల్హాపురం ఖాస్‌బాగ్ మైదానం షాహూ మహారాజు కట్టించినది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు విజయనగరంలో సర్కసు పెట్టి, ఏనుగును రొమ్ముమీద ఎక్కించుకుని లోకాన్ని ఆశ్చర్యపరచారు. ఒళ్ళు గట్టిపడడానికి దండీలు, బస్కీలకు మించినవి లేవు. కర్రసాములో మరొక మేలు ఉన్నది: కర్ర ఎదుటివాడిని దూరంగా ఉంచుతుంది. గొడుగైనా, చేతికర్రయినా ఆ పనికి వస్తుంది. అయితే పండుగ ఊరేగింపులో చూసేవారి కోసం తిప్పే కర్ర వేరు, ఎదుటి కర్రను తప్పించి కొట్టే కర్ర వేరు. ఇక్కడ కూడా ఎదుటివాడు ఎదిరిస్తున్నాడా అన్నదే ప్రశ్న.

కత్తి సంగతి విడిగా చెప్పాలి. కత్తి పట్టిన చేతిని ఒట్టి చేతితో పట్టుకుని తిప్పి లాగివేయడం సినిమాలలో బాగుంటుంది. నిజాయితీ గల గురువు ఎవరైనా మొదట చెప్పేది పరుగెత్తమనే. సంచి అడిగితే సంచి, గొలుసు అడిగితే గొలుసు ఇచ్చివేయండి. దాని విలువ ఎంతైనా ఒక రోజు ఆసుపత్రి ఖర్చుకు సరిపోదు. పారిపోయే దారి లేక, ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రమే చేతికి దొరికిన కుర్చీ, సంచి అడ్డుపెట్టి పోరాడవలసి ఉంటుంది.

భయం వచ్చినప్పుడు ఒంట్లో ఏమి జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. గుండె దడదడలాడుతుంది. చూపు ఎదుట ఉన్నదాని మీదనే నిలిచిపోతుంది. వేళ్ళు వణుకుతాయి, సున్నితమైన పనులు చేయలేవు. కొందరు కొయ్యబారిపోతారు, అది పిరికితనం కాదు, శరీర ధర్మం. కనుక వేలు పట్టి విరిచే సూక్ష్మమైన ఉపాయాలు ఆ వేళ అక్కరకు రావు. తోయడం, మోచేయి విసరడం, మోకాలు ఎత్తడం, గట్టిగా అరవడం వంటి పెద్ద పెద్ద కదలికలు నాలుగైదు చాలు. కాని అవి ఒంటికి అలవాటు కావాలి.

ఇక ఆడపిల్లల సంగతి. అత్తగారు చీకటి పడకముందు ఇల్లు చేరమన్నారు. ఆమె భయంలో ప్రేమ ఉన్నది. కాని మన దేశంలో పోలీసులకు చేరిన బలాత్కారపు కేసులలో, నేరస్థుడు ఆమెకు ముందే తెలిసినవాడైనవి నూటికి తొంభైకి మించి అని ప్రభుత్వపు నేర నమోదు లెక్కలు ఏటేటా చెబుతున్నాయి. అంటే ప్రమాదం చీకటి సందులోనే కాదు, ఎరిగిన ఇంట్లో, ఎరిగిన ఆఫీసులో కూడా ఉన్నది. ఎరిగినవాడి మొహాన తన్నడం ఏ పిల్లకైనా కష్టం. అతడు మెల్లగా హద్దు దాటుతున్నప్పుడు మొదటి అడుగులోనే గుర్తించి, “నాకిది ఇష్టం లేదు” అని గట్టిగా అనగలగడమే మొదటి ఆత్మరక్షణ.

ఇది ఒట్టి ఉపన్యాసం కాదు. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాలలో మొదటి సంవత్సరం చదివే 893 మంది యువతుల మీద చేసిన పరిశోధన 2015లో ప్రకటించారు. సగం మందికి పన్నెండు గంటల శిక్షణ ఇచ్చారు. అందులో అపాయం పసిగట్టడం, ఎరిగినవాడికైనా అడ్డుచెప్పడానికి సంకోచపడకపోవడం ముఖ్యం. ఒంటితో చేసే సాధన కొద్ది భాగమే. మిగిలినవారికి పుస్తకాలు ఇచ్చి పంపారు. ఏడాది తిరిగేసరికి పుస్తకాలు తీసుకున్నవారిలో బలాత్కారానికి గురైనవారు నూటికి 9.8 మంది, శిక్షణ పొందినవారిలో 5.2 మంది. పన్నెండు గంటలకు అపాయం దాదాపు సగం తగ్గింది. మర్యాద పేరుతో నోరు నొక్కి పెంచిన పిల్లకు పది బెల్టులు కట్టినా ఫలితం లేదు. ఆడపిల్ల గట్టిగా మాట్లాడితే గయ్యాళి అంటామే, ఆ మాట మనమే మానుకోవాలి.

గోదాలోకి, బరిలోకి ఆడపిల్లలు దిగడం వింత అనేవారికి ఇప్పుడు జవాబు చెప్పవలసిన అవసరం కూడా లేదు. మేరీ కోమ్ 2012 లండను ఒలింపిక్సులో కాంస్యం తెచ్చింది. సాక్షీ మలిక్ 2016లో కుస్తీలో కాంస్యం తెచ్చింది. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను బాక్సింగులో ప్రపంచ విజేత అయింది.

చట్టం ఏమంటుందో కూడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును చెబుతాయి. పాత శిక్షాస్మృతిలో ఇవి 96 నుంచి 106 వరకు ఉండేవి. తన ఒంటిని, ఇతరుల ఒంటిని, ఆస్తిని కాపాడుకునే హక్కు మనకున్నది. ప్రాణభయం, తీవ్రగాయం, బలాత్కారం, అపహరణ, యాసిడు దాడి వంటి సందర్భాలలో ఆ హక్కు చాలా దూరం పోతుంది. పారిపోయి తీరాలని చట్టం అనదు. 2010లో సుప్రీంకోర్టు కూడా పౌరుడు పిరికివాడుగా ప్రవర్తించనక్కరలేదని చెప్పింది. కాని అవసరానికి మించి కొట్టే హక్కు ఎవరికీ లేదు. అపాయం తీరిన క్షణాన హక్కు కూడా తీరిపోతుంది. కిందపడినవాడిని కసితీరా తన్నితే అది ఆత్మరక్షణ కాదు, నేరం. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు వారి దగ్గరకే పోవాలి. 112 నంబరు పిల్లలందరికీ నోటికి రావాలి. ఆడవారి సాయానికి 181 ఉన్నది, పిల్లలకు 1098 ఉన్నది.

ఇప్పుడు బడి ఎంచుకోవడం ఎట్లా? మేము చేయని పని మీరు చేయండి. జీతం కట్టకముందు రెండు సాయంత్రాలు వెళ్ళి ఒక మూల కూర్చోండి. చూడవలసినవి ఇవి.

విద్యార్థులు ఒకరినొకరు నిజంగా పట్టుకుని, ఒప్పుకోకుండా పెనుగులాడుతున్నారా, లేక వరుసలో నిలబడి గాలిలో కొడుతున్నారా? పెనుగులాట వేళ ఒకడు చాలు అన్నట్టు తట్టగానే రెండోవాడు వెంటనే వదులుతున్నాడా? గురువు తానే గోదాలో దిగుతాడా? “మా విద్య చాలా ప్రమాదకరం, అందుకే పోటీకి పెట్టము” అంటున్నాడా? అట్లా అంటే కానో కథ జ్ఞాపకం చేసుకోండి. బెల్టుకు రుసుము ఎంత, ఎన్ని నెలలకొకటి? తల్లిదండ్రులను లోపల కూర్చోనిస్తారా? తలుపు మూసి నేర్పే చోటికి, గురువు ఒంటరిగా విడి పాఠం చెబుతానన్న చోటికి పిల్లలను పంపవద్దు. ఆఖరుది, ఆ బడి మీ ఇంటికి ఎంత దూరం? పది మైళ్ళ దూరాన ఉన్న గొప్ప బడికి మూడు వారాలు పోవడం కంటె, పక్క వీధిలోని మంచి గోదాకు మూడేళ్ళు పోవడం మేలు.

బరంపురం సోదరికి మా జవాబు ఇది. అమ్మా, చిన్నవాడిని జూడోలో గాని కుస్తీలో గాని చేర్పించండి. రెండూ దగ్గర లేకపోతే, మీ వీధి చివర కరాటే బడికే వెళ్ళి కూర్చుని చూడండి; అక్కడ ఒంటికి తగిలేలా ఆడిస్తుంటే నిశ్చింతగా చేర్చండి. బడిలో తోస్తున్న పిల్లల సంగతి మాత్రం ముందు ఉపాధ్యాయులకు చెప్పండి; పదేళ్ళవాడి మీద ఆ బాధ్యత పెట్టవద్దు. పెద్దమ్మాయికి బెంగుళూరు ప్రయాణానికి ఉన్నది కొద్ది నెలలే కనుక, పడడం, పట్టు వదిలించుకోవడం, గట్టిగా అరవడం, పరుగెత్తడం – ఈ నాలుగు నేర్పించి పంపండి. అక్కడికి వెళ్ళాక జూడో గాని బాక్సింగు గాని వారానికి రెండు రోజులు సాగించమనండి. అన్నిటికంటె ముందు, ఏ వేళకు ఫోను చేసినా మీరు తిట్టరని ఆ పిల్లకు నమ్మకం కలిగించండి. జరిగినది చెబితే ఇంట్లో చదువు మాన్పిస్తారని భయపడి నోరు మూసుకునే పిల్లను ఏ సామూ కాపాడలేదు. ఈ మాట మీ అత్తగారికి కూడా నెమ్మదిగా చెప్పండి. పెద్దావిడ కాదనరనే మా నమ్మకం.

మా తమ్ముడి కొడుకు మణికట్టు కట్టు విప్పాక తాలీముకు పోవడం మొదలుపెట్టాడు. మొదటి నెలంతా తనకంటె చిన్నవాళ్ళు తనను మట్టి కరిపిస్తుంటే ఇంటికి వచ్చి మౌనంగా అన్నం తినేవాడు. నల్లబెల్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడు వాడిని చూస్తే మునుపటి బింకం లేదు. మొన్న బస్సులో ఎవడో కాలు తొక్కి పైగా తిట్టినా “పోనీలెండి” అని పక్కకు జరిగాడట. మేము వారానికొకసారి వెళ్ళి గోదా గట్టున కూర్చుని చూస్తున్నాము. ఆ పని పదేళ్ళ ముందే చేయవలసింది.